గేమింగ్ పీసీ డైరీ: ఎస్‌ఎస్‌డీయా, హార్డ్ డిస్కా?

విడిభాగాల జాబితా దగ్గర

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, పవర్ సప్లయ్ అన్నీ తేలిపోయాయి, స్టోరేజీ మాత్రం ఒక పట్టాన తేలడం లేదు: తిరిగే పళ్లెం మీద డేటా రాసే హార్డ్ డిస్కా, చిప్‌లలో దాచే ఎస్‌ఎస్‌డీయా? పీసీ తమ్ముడిది, బిగించే పని నాది, డబ్బులు ఇద్దరివీ, కాబట్టి గొడవ కూడా ఇద్దరిదే. వాడి మాట: "అన్నా, ఆ పాత హార్డ్ డిస్క్ పీకి పారేద్దాం, దొరికేవాటిలో అన్నిటికంటే స్పీడున్న ఎస్‌ఎస్‌డీ ఒకటి పెట్టేద్దాం." నా మాట: స్పీడు సంగతి తర్వాత, ముందు చోటు సంగతి చూడరా.

చేతిలో ఉన్న సరుకు ఇది. పాత పీసీలోంచి తీసిన 2 టీబీ హార్డ్ డిస్క్, 7200 ఆర్‌పీఎంది. మూలన పడున్న ల్యాప్‌టాప్‌లోంచి వచ్చిన 500 జీబీ సాటా (కేబుల్‌తో కలిపే పాత రకం) ఎస్‌ఎస్‌డీ. కొత్త మదర్‌బోర్డులో రెండు ఎం.2 స్లాట్లు (డ్రైవుని నేరుగా బోర్డులో గుచ్చే చోట్లు), రెండూ జెన్4, అంటే నాలుగో తరం వేగానివి. ఇక కొనాల్సిందల్లా ఎం.2లో పెట్టే ఎన్‌విఎంఇ డ్రైవు, అంటే సాటా కంటే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ. అదే డబ్బుతో మహా స్పీడుది 1 టీబీ వస్తుంది, లేదా ఓ మోస్తరు స్పీడుది 2 టీబీ వస్తుంది. తగువంతా ఇక్కడే.

చోటు లెక్క వేస్తే తమ్ముడి మొహం కొంచెం మారింది. 1 టీబీ అని డబ్బా మీద ఉన్నది విండోస్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది. కంపెనీ వాళ్లు వెయ్యితో గుణిస్తారు, విండోస్ 1024తో గుణిస్తుంది, అందులో మోసం లేదు. దాంట్లో విండోస్, అప్‌డేట్లు, పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడే ఫైలు) కలిపి ఓ వంద జీబీ దాకా పక్కన పెట్టండి. ఎస్‌ఎస్‌డీని గొంతు దాకా నింపితే రాసే వేగం పడిపోతుంది కాబట్టి పదో వంతు పైనే ఖాళీ వదలాలి. మిగిలినదాంట్లో బాల్డర్స్ గేట్ 3 పెడితే 150 జీబీ, స్టార్‌ఫీల్డ్‌కి 125, సైబర్‌పంక్ 2077కి 70. ఈ మూడింటితోనే సగం అయిపోయింది, స్నేహితులతో ఆడే ఆన్‌లైన్ గేమ్స్ ఇంకా లెక్కలోకే రాలేదు.

పోనీ అన్నీ హార్డ్ డిస్క్ మీద పెడదామా అంటే కుదరదు. పైన చెప్పిన మూడింటికీ కనీస అవసరాల్లోనే ఎస్‌ఎస్‌డీ అని రాసేశారు. సైబర్‌పంక్ మొదట్లో హార్డ్ డిస్క్ మీద కూడా నడిచేది, సెట్టింగ్స్‌లో దానికోసం విడిగా ఒక ఆప్షన్ ఉండేది. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చేటప్పటికి కనీస అవసరాల్లోంచి హార్డ్ డిస్క్‌ని తీసేశారు. 2020 నవంబరులో వచ్చిన పీఎస్5 గేమ్ కన్సోల్‌లో సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్‌ఎస్‌డీ పెట్టాక, గేమ్స్ తయారుచేసేవాళ్లు హార్డ్ డిస్క్‌ని దృష్టిలో పెట్టుకుని పనిచేయడం మెల్లగా మానేశారు. కాబట్టి కొత్త పెద్ద గేమ్స్ వరకు ఎస్‌ఎస్‌డీనా హార్డ్ డిస్కా అన్న ప్రశ్నే లేదు. ఏ ఎస్‌ఎస్‌డీ, ఎంత పెద్దది, హార్డ్ డిస్క్‌కి ఇంకేం పని మిగిలింది, ఇవే తేలాలి.

హార్డ్ డిస్క్ లెక్క

తమ్ముడికి హార్డ్ డిస్క్ స్లో అని తెలుసు, ఎందుకు స్లోనో తెలీదు. వాడికే కాదు, చాలామందికి "సెకనుకు 150 ఎంబీ వస్తోంది కదా, మరీ అంత తక్కువేం కాదే" అనిపిస్తుంది. కాగితం మీద లెక్క వేసి చూపించాను, ఇక్కడా రాస్తున్నా.

నిమిషానికి 7200 చుట్లు అంటే సెకనుకు 120. ఒక చుట్టుకి 8.33 మిల్లీసెకన్లు. కావాల్సిన ముక్క హెడ్ (డేటా చదివే సూది లాంటి భాగం) కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, అంటే 4.17 మిల్లీసెకన్లు. అంతకంటే ముందు హెడ్ ఆ ట్రాక్ (పళ్లెం మీద డేటా ఉండే వలయం) మీదికి జరగాలి, దానికి ఓ 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం కలిపితే 12, 13. అంటే అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న ముక్కలు సెకనుకు 80 దాకా చదవగలదు. ఒక్కో ముక్క 4 కేబీ అయితే సెకనుకు అక్షరాలా 320 కేబీ! అదే డిస్క్, వరసగా ఉన్న పెద్ద వీడియో ఫైలు చదవమంటే 150 ఎంబీ, 200 ఎంబీ ఇస్తుంది. మెషీన్ ఒకటే, హెడ్ జరగాల్సి వస్తుందా లేదా అన్నదే తేడా. ఎస్‌ఎస్‌డీలో జరిగే హెడ్డే లేదు, ఏ ముక్కైనా మిల్లీసెకనులో పదో వంతు, అంతకంటే తక్కువలోనే వచ్చేస్తుంది.

గేమ్ లోడ్ అవడమంటే టెక్స్చర్లు (వస్తువుల మీద అతికే బొమ్మలు), శబ్దాలు, మోడళ్లు వేల ముక్కలుగా తీసుకురావడం. హార్డ్ డిస్క్ రోజుల్లో దీనికో ఉపాయం పన్నారు. ఒకే చెట్టు, ఒకే కుర్చీ ఏ లెవెల్‌లో కావాలన్నా హెడ్ దూరం వెళ్లకుండా, ఆ లెవెల్ డేటా పక్కనే దాని కాపీ ఇంకోటి పెట్టేవాళ్లు. అందుకే కొన్ని గేమ్స్ సైజు అంతలా ఉబ్బిపోయేది. హెల్‌డైవర్స్ 2 పీసీ వెర్షన్ కథ చూడండి, 154 జీబీ దాకా పెరిగిన గేమ్‌ని 2025 చివర్లో ఈ కాపీలన్నీ ఏరేసి 23 జీబీకి దించారు. అందులో ఇంకా నవ్వొచ్చే సంగతేంటంటే, హార్డ్ డిస్క్ వాళ్లకి లోడింగ్ సమయం కొద్ది సెకన్లే పెరిగిందట, ఎందుకంటే ఆ గేమ్‌లో ఎక్కువ టైమ్ లెవెల్‌ని తయారుచేయడానికే పోతోంది, డిస్క్ చదవడానికి కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కొలతల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

డబ్బా మీద అంకెలు

"సెకనుకు 14,000 ఎంబీ" అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంటే ఎవరికైనా చెయ్యి అటే పోతుంది. వరస చూడండి: సాటా ఎస్‌ఎస్‌డీ 550 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే సాటా తీగే అంతకంటే మోయలేదు. జెన్3 ఎన్‌విఎంఇ 3,500, జెన్4 7,000 పైచిలుకు, జెన్5 14,000 దాకా. జెన్3 నుంచి ప్రతి మెట్టుకీ రెట్టింపు. కానీ ఇవన్నీ వరసగా, ఒకేసారి బోలెడు చదివినప్పటి లెక్కలు. డ్రైవు వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ప్రోగ్రాంలో అన్నిటికంటే కింది గడి ఒకటి ఉంటుంది, 4 కేబీ ముక్కలు, ఒక్కొక్కటిగా చదివేది. సాటా ఎస్‌ఎస్‌డీ అక్కడ 30, 40 ఎంబీ ఇస్తుంది. మంచి ఎన్‌విఎంఇ ఇచ్చేది 60 నుంచి 90. 550కీ 7,000కీ ఉన్న తేడా ఇక్కడ రెండు రెట్లకి కుంచించుకుపోయింది! హార్డ్ డిస్క్ అదే గడిలో 1 ఎంబీ కూడా దాటదు. అసలు పెద్ద గెంతు హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి, ఆ తర్వాతవన్నీ చిన్న అడుగులు.

గేమ్ డేటాని డ్రైవు నుంచి వేగంగా తెచ్చే డైరెక్ట్‌స్టోరేజ్ వచ్చింది కదా అని తమ్ముడు అడ్డం తగిలాడు. నిజమే, 2022లో మైక్రోసాఫ్ట్ పీసీకి తెచ్చింది, అదే ఏడాది చివర్లో వచ్చిన 1.1తో కంప్రెస్ చేసిన డేటాని ప్రాసెసర్ బదులు గ్రాఫిక్స్ కార్డే విప్పే వీలు కూడా వచ్చింది. ఫోర్‌స్పోకెన్, ర్యాచెట్ అండ్ క్లాంక్ లాంటివి దాన్ని వాడాయి. అయితే వాడే గేమ్స్ ఇంకా చాలా తక్కువ. రాబోయే గేమ్స్ కోసం ఇప్పుడే జెన్5కి డబ్బు పోయడం నాకు మింగుడుపడలేదు, పైగా మా బోర్డులో ఉన్నది జెన్4 స్లాటే, అందులో జెన్5 డ్రైవు పెట్టినా జెన్4 వేగంతోనే నడుస్తుంది. దాంతో ఆ వాదన అక్కడితో సరి.

నేను ఎక్కువసేపు చూసింది డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో ఉండేవి, కొన్నిసార్లు డబ్బా మీద అసలు లేనివి. ఒకటి, సెల్ రకం, అంటే డేటా దాచే చిన్న గడి ఎలాంటిదన్నది. టిఎల్‌సిలో ఒక్కో సెల్‌లో 3 బిట్లు, క్యూఎల్‌సిలో 4. నాలుగు బిట్లంటే ఒక సెల్‌లో 16 వోల్టేజీ మెట్లు గుర్తుపట్టాలి, అందుకే రాయడం నెమ్మది, అరుగుదలా ఎక్కువ. క్యూఎల్‌సి డ్రైవులు కొంత భాగాన్ని వేగంగా రాసే కాష్‌గా వాడుకుని ఆ లోటు కప్పిపుచ్చుతాయి, కానీ ఒకేసారి 150 జీబీ గేమ్ కాపీ చేస్తే ఆ కాష్ నిండిపోతుంది, అప్పుడు బయటపడుతుంది అసలు వేగం. కొన్నిటిలో అది హార్డ్ డిస్క్ కంటే కిందికి పోతుంది. ఒకసారి రాసి వందసార్లు చదివే గేమ్స్‌కి క్యూఎల్‌సి పనికిరానిదేం కాదు, కాకపోతే విండోస్ కూడా అదే డ్రైవులో ఉండబోతోంది కాబట్టి టిఎల్‌సి కావాలనుకున్నాం.

రెండోది డీర్యామ్, అంటే డ్రైవులోనే ఉండే చిన్న ర్యామ్. డ్రైవు తన డేటా ఎక్కడుందో చెప్పే పట్టికని సొంత డీర్యామ్‌లో పెట్టుకుంటే మంచిదే, అది లేని ఎన్‌విఎంఇలు ఇప్పుడు పీసీ ర్యామ్‌లోంచి కొన్ని పదుల ఎంబీ అప్పు తీసుకుని పని నడిపిస్తాయి. గేమింగ్‌కి అది చాలు. కానీ డీర్యామ్ లేని సాటా ఎస్‌ఎస్‌డీలకి ఈ అప్పు సౌకర్యం లేదు, చవగ్గా వస్తున్నాయని అవి తీసుకోబోయేవాళ్లు కొంచెం ఆలోచించండి.

అరుగుదల గురించి టెన్షన్ పడేవాళ్ల కోసం ఒక్క లెక్క. 2 టీబీ టిఎల్‌సి డ్రైవుకి మామూలుగా 1,200 టీబీ దాకా రాయొచ్చని వారంటీలో ఇస్తారు. రోజూ వంద జీబీ రాసినా 12,000 రోజులు, ముప్పై ఏళ్ల పైమాటే. ఆ లోపు తమ్ముడు ఎన్ని పీసీలు మారుస్తాడో.

చివరికి తేలింది: 2 టీబీ, జెన్4, టిఎల్‌సి, డీర్యామ్ లేనిది. హార్డ్ డిస్క్ ఉంటుంది. తమ్ముడు ఒప్పుకున్నాడు, మనస్ఫూర్తిగానా అంటే కాదు.

బిగింపు

స్క్రూడ్రైవర్ పట్టే ముందు మాన్యువల్‌లో స్టోరేజీ పేజీ చదవండి, ఇది మాత్రం దాటేయొద్దు. మా బోర్డులో పైన ఉన్న ఎం.2 స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కి కలుస్తుంది, కిందది చిప్‌సెట్ (బోర్డు మీది ఇంకో చిప్) మీదుగా వెళ్తుంది, పైగా కింది స్లాట్‌లో డ్రైవు పెడితే సాటా 5, 6 పోర్టులు పనిచేయవని పట్టిక కింద చిన్న గమనిక ఉంది. ఈ సంగతి తెలీక హార్డ్ డిస్క్ కనిపించడం లేదని కేబుళ్లు మార్చి మార్చి తలలు పట్టుకునేవాళ్లు బోలెడుమంది. అందుకే ఎన్‌విఎంఇ పై స్లాట్‌లో, హార్డ్ డిస్క్ సాటా 1లో, పాత ఎస్‌ఎస్‌డీ సాటా 2లో.

ఎం.2 బిగించడం రెండు నిమిషాల పని. డ్రైవు సైజు 2280, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు, కాబట్టి స్క్రూ కూర్చునే చిన్న ఇత్తడి దిమ్మ 80 అని రాసిన రంధ్రంలో ఉందో లేదో చూసుకోవాలి. డ్రైవుని 30 డిగ్రీల వాలులో స్లాట్‌లోకి దూర్చితే బంగారు రంగు కాళ్లు పూర్తిగా లోపలికి పోయి, వదలగానే అది కాస్త పైకి లేచి నిలబడుతుంది, అప్పుడు వేలితో మెల్లగా కిందికి నొక్కి స్క్రూ పెట్టాలి. స్క్రూ మరీ చిన్నది. చేయి జారితే కేసులో ఎక్కడికి పోతుందో ఆ దేవుడికే తెలియాలి, అందుకే బోర్డుని కేసులో పెట్టకముందే ఈ పని కానిచ్చేశాం. బోర్డుతో వచ్చిన హీట్‌సింక్ అడుగున థర్మల్ ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పీకాకే బిగించాలి, పొర అలాగే ఉంటే ప్యాడ్ వేడిని సరిగ్గా లాక్కోలేదు.

హార్డ్ డిస్క్ ట్రేకి రబ్బరు వాషర్లు వేశాం. అవి లేకుండా బిగిస్తే డిస్క్ తిరిగే వణుకు కేసు రేకుకి తగిలి పక్కనే కూర్చున్నవాడికి జోరీగ మోత.

విండోస్ ఎక్కించేటప్పుడు మాత్రం రెండు సాటా కేబుళ్లూ ఊడదీశా. ఎన్‌విఎంఇ ఒక్కటే కనిపించాలి. అన్నీ కలిపి ఉంచితే విండోస్ ఫైళ్లు కొత్త డ్రైవులోకి పోయి, బూట్ అవడానికి కావాల్సిన చిన్న పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం) ఒక్కోసారి పాత డిస్క్ మీద కూర్చుంటుంది, రేపెప్పుడో ఆ డిస్క్ తీసేసిన రోజున పీసీ లేవదు. ఇన్‌స్టాల్ అయ్యాక ఆపి, కేబుళ్లు మళ్లీ పెట్టి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో హార్డ్ డిస్క్‌కి అక్షరం ఇచ్చాం. 2 టీబీ డ్రైవు 1.81 టీబీగా కనిపించింది. తమ్ముడు ఈసారి అడగలేదు.

కొలతలు

అన్నిటికంటే ఎక్కువ ఆత్రం దీనికే. గేమ్స్ కొని దించుకునే స్టీమ్‌లో మూడు డ్రైవుల మీదా ఒక్కో లైబ్రరీ ఫోల్డరు పెట్టి, ఒకే పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్‌ని ఒకదాని మీంచి ఇంకోదానికి మారుస్తూ, ఒకే సేవ్‌ఫైల్ లోడ్ చేశాం. ప్రతిసారీ పీసీ రీస్టార్ట్ చేసి మరీ. చేయకపోతే కొలత తప్పు, ఎందుకంటే ఒకసారి చదివిన ఫైళ్లని విండోస్ ఖాళీ ర్యామ్‌లో దాచుకుంటుంది, రెండోసారి హార్డ్ డిస్క్ కూడా గుర్రంలా పరిగెడుతుంది.

హార్డ్ డిస్క్ మీద నిమిషం దాటిపోయింది. సాటా ఎస్‌ఎస్‌డీ మీద ఇరవై సెకన్ల చిల్లర. ఎన్‌విఎంఇ మీద అంతకంటే రెండు మూడు సెకన్లు తక్కువ, అంతే. పదమూడు రెట్లు ఎక్కువ స్పీడున్న డ్రైవు మూడు సెకన్లు మిగిల్చింది! టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచితే కారణం కళ్లెదుటే కనిపించింది, లోడింగ్ జరుగుతున్నంతసేపూ ఎన్‌విఎంఇ గీత కింద నేలకు పాకుతోంది, ప్రాసెసర్ మాత్రం కొన్ని కోర్లు పైదాకా తన్నుకుని పనిచేస్తోంది. డేటా ఎప్పుడో వచ్చేసింది, దాన్ని విప్పి పేర్చేవాడే బిజీ. హెల్‌డైవర్స్ 2 సంగతి కూడా ఈ బాపతే.

ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేములు) మూడింటి మీదా ఒకటే. స్టోరేజీ మారిస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ హార్డ్ డిస్క్ మీద సగటు బాగానే ఉన్నా ఆట బాగాలేదు. కారులో సిటీ మధ్యలోంచి వేగంగా పోతుంటే ఎదురుగా భవనాల గోడలు మట్టిముద్దల్లా కనిపించి, రెండు మూడు సెకన్ల తర్వాత కిటికీలు, బోర్డుల మీద అక్షరాలు తేలేవి. ఒక్కోచోట ఠక్కున ఆగి మళ్లీ కదిలేది. రెండు ఎస్‌ఎస్‌డీల మీదా ఇది లేదు, రెంటికీ మధ్య తేడా చెప్పమంటే నేను చెప్పలేను. గేమ్ ఏ డ్రైవులో ఉందో చెప్పకుండా, ఆడి చూసి ఊహించమని తమ్ముడికి పందెం వేశా. వాడూ చెప్పలేకపోయాడు, అయినా ఎన్‌విఎంఇదే "ఫీల్" బాగుందంటాడు. ఫీల్‌కి బెంచ్‌మార్క్ లేదు, వదిలేశా.

హార్డ్ డిస్క్‌కి కొత్త ఉద్యోగం

గేమ్ రికార్డింగులు దీనికే. సెకనుకు 50 మెగాబిట్లతో రికార్డు చేస్తే 6 ఎంబీ చిల్లర, గంటకి 22.5 జీబీ. వరసగా రాసుకుంటూ పోయే పని, హార్డ్ డిస్క్‌కి చిటికెలో పని, ఎస్‌ఎస్‌డీలో చోటు ఎందుకు దండగ?

ప్రస్తుతం ఆడని పెద్ద గేమ్స్ కూడా డిలీట్ చేయకుండా దీని మీదికే తోస్తున్నాం. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఫోల్డరు మార్చమంటే చాలు. 100 జీబీ గేమ్ సెకనుకు 150 ఎంబీ లెక్కన 11 నిమిషాల్లో తిరిగి ఎస్‌ఎస్‌డీకి వచ్చేస్తుంది. అదే 100 ఎంబీపీఎస్ నెట్‌తో మళ్లీ డౌన్‌లోడ్ చేయాలంటే రెండు గంటల పైనే. అయితే అక్కడ పడుకున్న గేమ్స్‌కి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి, తెరిచినప్పుడే అప్‌డేట్ అయ్యేలా పెట్టండి. అప్‌డేటంటే పాత ఫైలులో ముక్కలు చదివి, కొత్తవి కలిపి మళ్లీ రాయడం, హార్డ్ డిస్క్‌కి అచ్చంగా చేతకాని పని అదే. వెనకాల అది జరుగుతుంటే రికార్డింగులో ఫ్రేములు పోయే ప్రమాదం ఉంది.

పదేళ్ల లోపు కొన్న చవక డిస్క్ అయితే అది ఎస్‌ఎంఆర్ రకమేమో చూసుకోవడం మంచిది. వాటిలో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఒక ట్రాక్ మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి, పెద్ద కాపీ మధ్యలో వేగం ఒక్కసారిగా పడిపోతుంది. మా డిస్క్ సీఎంఆర్, అంటే ట్రాకులు విడివిడిగా ఉండే రకం, ఆ బాధ లేదు.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5 వరసలు (డిస్క్‌లో పాడైన, పాడయ్యేలా ఉన్న చోట్ల లెక్క) చూశాం, రెండూ సున్నా. అవి పెరగడం మొదలైతే ఇక ఆ డిస్క్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఎస్‌ఎస్‌డీ అయితే ముందస్తు సూచన కూడా ఇవ్వకుండా ఒక రోజు అసలు కనిపించకుండా పోవచ్చు. గేమ్స్ పోతే మళ్లీ దించుకోవచ్చు, ఫొటోలు, సేవ్‌ఫైళ్లు అలా కాదు కదా, అవి ఇంకో చోట కూడా ఉన్నాయి.

చిన్న చికాకు ఒకటి. ఇరవై నిమిషాలు వాడకపోతే హార్డ్ డిస్క్ నిద్రపోయేలా విండోస్‌లో సెట్టింగ్ ఉంది, ఆ తర్వాత ఏ ఫైల్ సేవ్ చేయబోయినా డిస్క్ మళ్లీ తిరగడం మొదలెట్టేదాకా విండో బిగుసుకుపోతుంది. తమ్ముడు ఆ సెట్టింగ్ తీసేయమంటాడు, నాకు ఆ మోత లేకపోవడమే ఇష్టం. ప్రస్తుతానికి నిద్రపోనిస్తున్నాం.

500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఎటూ తేలలేదు. ఆన్‌లైన్ గేమ్స్ రెండు దాని మీద పెట్టి చూస్తున్నాం, ఎక్కడా తేడా తెలియడం లేదు. కింది ఎం.2 స్లాట్ ఖాళీ. 2 టీబీ నిండాకే దాని సంగతి, అప్పుడు కూడా కొలతల పేజీ ముందు పెట్టుకునే కొంటాం.